ఆరున్నొకటి

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. మా స్కూల్లో చింతచెట్టు మీద దయ్యముందని పిల్లలు ఆ పక్కకు పోవడం మానేస్తే, సరిగ్గా ఆ చెట్టు కిందే నెల రోజులు డ్రిల్లు చేయించినవాణ్ణి నేను. చిత్తూరులో ఒక హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. పిల్లల్ని వరుసలో నిలబెట్టడం, లెక్కపెట్టడం, ఆటల పోటీలకు తీసుకుపోయినంతమందినీ మళ్ళీ వెనక్కి తీసుకురావడం, ఇదే నా ఉద్యోగం.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది విన్నవాళ్ళంతా చివరికి ఒకే మాట అంటారు. "సార్, మీరు లెక్క సరిగ్గా పెట్టుండరు" అని. విని విని విసుగెత్తిపోయింది. లెక్క పెట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ సరిపోయింది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. దసరా సెలవులు. స్కౌట్ల కోసమని మా స్కూలుకు వచ్చిన గుడారం ఒకటి రెండేళ్ళుగా స్టోర్‌రూములో ఎలుకల పాలవుతోంది. హెడ్మాస్టరుతో చెప్పి దాన్ని అడిగి తీసుకున్నాను. పిల్లల్ని ఎక్కడైనా వాగో వంకో ఉన్నచోట ఒడ్డుకు తీసుకుపోయి, గుడారం వేసి ఒక రాత్రి ఉంచాలని నా సరదా. మా ఆవిడ సరళ మొదట్లోనే అంది, "ఇంట్లో గమ్మున ఉండలేక అడవికి పోయి వండుకోవాల్నా?" అని. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఆ రెండు రోజుల్లో తెలిసింది.

చిత్తూరు నుంచి బయలుదేరిన పిల్లలు ఆరుగురు. మా పెద్దవాడు హరికి పన్నెండేళ్ళు, మా చిన్నది లతకు ఏడేళ్ళు. వాళ్ళిద్దరి మధ్యలో మా తమ్ముడి పిల్లలు ఇద్దరు, పక్కింటి పిల్లలు ఇద్దరు. పలమనేరులో మా అక్క ఉంది. అక్క కూతురు నీలవేణి కూడా కలిస్తే ఏడుగురు.

నీలు గురించి చెప్పాలి. అక్కకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు, మొక్కని దేవుడు లేడనిపించుకున్నాక పుట్టిన ఒక్కతే బిడ్డ. అప్పటికి అయిదేళ్ళు. పక్క వీధికి కూడా ఒంటరిగా పంపేది కాదు అక్క. నేనే వెంటపడ్డాను. పిల్ల నలుగురిలో తిరగాలి, ఇట్లా కొంగున కట్టుకుని కూర్చుంటే ఎట్లా అని రెండు ఉత్తరాలు రాశాను. చివరికి ఒప్పుకుంది. మా బావ పల్లెల్లో పాల క్యాన్లు తోలే జీపును కూడా మాకు ఇచ్చాడు.

ఏడుగురు అనగానే మా అమ్మ అడ్డం పడింది. దీనికి కొంచెం వెనక సంగతి ఉంది. మా నాయన శెనక్కాయల వ్యాపారం చేసేవాడు. కాయలు పడితో కొలిచేటప్పుడు మొదటి పడిని 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు అని పోయి, ఆరు తర్వాత 'ఏడు' అనకుండా 'ఆరున్నొకటి' అనేవాడు. ఏడు అంటే ఏడుపు కాబట్టి ఆ మాట నోట రాకూడదు. కొలిచేవాళ్ళు చాలామంది అలాగే అంటారు. కానీ మా అమ్మ దాన్ని కాయల దగ్గర వదలలేదు. మెట్లు లెక్కపెట్టినా, ఇడ్లీలు లెక్కపెట్టినా ఇంట్లో అదే లెక్క. మేమంతా అలాగే పెరిగాం.

"ప్రయాణానికి ఏడు మంది బిడ్లు వొద్దురా. ఇంకొకర్ని కలుపుకో, లేదా ఒకర్ని ఇడిసిపెట్టు" అంది అమ్మ.

"ఆరున్నొకటి అంటే సరిపోతుంది కదమ్మా. నువ్వు నేర్పించిందే" అన్నాను ఎగతాళిగా. ఆ ఎగతాళి నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

అమ్మ ఊరుకోలేదు. పిల్లల్ని లెక్కపెట్టినప్పుడల్లా ఇంటి లెక్కే పెట్టాలని నాతో ఒట్టు వేయించుకుంది. సరే, ముసలామె మాట ఎందుకు కాదనాలని పిల్లలకు స్కూల్లోలా నంబర్లు నేర్పించాను. నేను "నంబర్" అని కేక వేస్తే హరి "లాభం" అనాలి. తర్వాత వరుసగా అందరూ. లత "ఆరు" అనాలి. ఆఖరున నీలు "ఆరున్నొకటి" అనాలి.

పలమనేరులో అక్క నీలును జీపు ఎక్కించి, నా చెయ్యి పట్టుకుంది. "నీ చేతిలో పెడతా ఉండా. మళ్ళా నా చేతిలోనే పెట్టల్ల" అంది. అదేం మాటక్కా అన్నాను. అక్క నవ్వలేదు.

అక్కడే మొదటిసారి నంబరు పిలిచాను. ఆరుగురూ సరిగ్గా చెప్పారు. నీలు మాత్రం గట్టిగా "ఏడు" అంది. అందరూ నవ్వారు. అట్లా కాదు, ఆరున్నొకటి అనాలి అని లత చెప్పింది. "ఆరు నువ్వు గదా. నేను ఒకటి కాదు. నేను ఏడు" అంది నీలు. అయిదేళ్ళ పిల్లతో వాదించి గెలిచినవాడు లేడు. ఆ రెండు రోజుల్లో కనీసం పదిసార్లు నంబరు పిలిచి ఉంటాను. పదిసార్లూ ఆ పిల్ల ఏడు అనే అంది. దిద్దినకొద్దీ గొంతు పెంచి చెప్పేది. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కుప్పం రోడ్డులో కొంత దూరం పోయి, ఎడమకు మట్టిదారి పట్టుకుని ఆరేడు కిలోమీటర్లు పోతే ఒక వంక. దానికి కాస్త ఇవతల, దాంట్లో కలిసే కాలువ మీద చిన్న చప్టా, నీళ్ళు పైనుంచి పారే సిమెంటు దారి. అది దాటి పోతే ఒడ్డున పెద్ద పెద్ద బండలు, కానుగ చెట్ల నీడ. ఊహించుకున్నంత బాగుంది. బాగున్నది అదొక్కటే.

గుడారం కర్రల్లో ఒకటి స్కూల్లోనే ఉండిపోయింది. తుమ్మకొమ్మ ఒకటి నరికి నిలబెడితే అర్ధగంటకొకసారి పడిపోయేది. కిరసనాయిలు స్టవ్వు వెలగలేదు. మూడు రాళ్ళు పెట్టి వండితే అన్నం అడుగంటింది. బ్రెడ్డు పొట్లాలు, బొరుగుల సంచి కోతులు ఎత్తుకుపోయాయి. జీపంతా పాల కంపు, పక్కింటి పిల్లవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. రాత్రి చీమలు. సరళ నాతో మాట్లాడడం మానేసి, నాకు వినపడేలా స్టవ్వుతో మాట్లాడింది. నాకేమో ప్రతి దానికీ కోపం. రెండో రోజు మధ్యాహ్నానికి నేను కేక వేయని పిల్ల లేదు, ఒక్క నీలు తప్ప. ఆ పిల్ల బండ మీద కూర్చుని గులకరాళ్ళు ఏరుకుంటూ తన పని తాను చూసుకుంది.

రెండో రోజు నాలుగ్గంటలప్పుడు మబ్బు పట్టింది. మేకలు తోలుకుపోతున్న ఒక ముసలామె నిలబడి చెప్పింది. "పైన వాన పడతాండాది సామీ. చప్టా మీదికి నీళ్ళొస్తే రేపు దాకా ఈడనే. బిరీన పోండి."

అంతే, హడావిడి. గుడారం తడిసినట్టే చుట్టి జీపు వెనక పడేశాను. పిల్లల్ని ఎక్కండి ఎక్కండి అని అరిచాను. సరళ గిన్నెల మూట ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. చినుకులు మొదలయ్యాయని వెనక టార్పాలిన్ దించి తాళ్ళు కట్టాను. లోపల చీకటి. పిల్లలు కనపడరు, గొంతులే వినపడతాయి. నేను డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజను వేయకముందే నంబరు పిలిచాను.

లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

ఆరున్నొకటి.

స్పష్టంగా, చిన్నగా, ఆడపిల్ల గొంతు. తప్పు లేకుండా. రెండు రోజుల్లో నాకు కలిగిన ఒకే ఒక్క సంతోషం అది. "శభాష్ నీలూ" అన్నాను. సరళ కూడా మొహం తిప్పుకుని నవ్వింది. చివరికి చెప్పింది చూడు అంది. జీపు కదిలింది.

చప్టా మీద అప్పటికి పాదం మునిగేంత నీళ్ళు. దాటేశాం. మట్టిదారి చివర, రోడ్డెక్కే ముందు ఇంకోసారి ఆపాను. అలవాటు. వెనక్కి తిరక్కుండానే పిలిచాను. మళ్ళీ ఏడు గొంతులు పలికాయి. ఆఖరిది మళ్ళీ ఆరున్నొకటి అనే అంది. తెలివి వచ్చింది పిల్లకు అనుకున్నాను.

రోడ్డు మీద ఫర్లాంగు దూరంలో టీ కొట్టు. అందరికీ పాలు తాగిద్దామని దించాను. తాళ్ళు విప్పితే ఒక్కొక్కరే దూకారు. ఆరుగురు దూకారు. టార్పాలిన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, నీలు కోసం. గుడారం చుట్ట తప్ప లోపల ఏమీ లేదు.

ఆ తర్వాత కొన్ని నిమిషాలు ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. సరళ పిల్లల్ని కుదిపి కుదిపి అడుగుతోంది. లత ఏడుస్తూ ఒకటే మాట, "నా పక్కనే కూసుండింది నాయనా. ఇప్పుడే నంబరు చెప్పింది గదా. తడిగా ఉండింది" అని. హరి కూడా అదే చెప్పాడు, చీకట్లో మూలన కూర్చుందని. వాళ్ళను టీ కొట్టు దగ్గర సరళకు వదిలేసి నేను ఒక్కణ్ణే జీపు తిప్పాను.

దారంతా వాన. నేను పెట్టని దండం లేదు. నాకు ఆ పిల్ల మొహం గుర్తుకు రాలేదు, అక్క చెయ్యి గుర్తొచ్చింది. మళ్ళా నా చేతిలోనే పెట్టల్ల అన్న మాట గుర్తొచ్చింది. చప్టా మీద నీళ్ళు చక్రంలో సగానికి వచ్చాయి. ఎట్లా దాటానో దేవుడికి తెలియాలి.

నీలు బండ మీద కూర్చుని ఉంది. తడిసి ముద్దయి ఉంది. ఏడవడం లేదు. కోపంగా ఉంది. నేను పరుగెత్తుకుంటూ పోయి ఎత్తుకుంటే నా భుజం మీద పిడికిలితో గుద్దింది.

"చెప్పినా గదా మామా. రెండుసార్లు చెప్పినా. యినపళ్ళేదా నీకు?"

ఏం చెప్పావమ్మా అన్నాను.

"నంబరు."

బండ వెనక్కి ఒంటికి పోయిందట. అక్కడుండగానే నేను నంబరు పిలవడం వినపడి గట్టిగా "ఏడు" అందట. వచ్చేలోపల జీపు పోయింది. అంతవరకూ నాకు అర్థమయింది. వంక హోరులో దాని మాట నాకు వినపడకపోవచ్చు.

"రెండోసారి ఎప్పుడు చెప్పినావు?" అని అడిగాను.

"నువ్వు పోయినాక మళ్ళా పిలిచినావు గదా. అప్పుడు గూడా ఏడు అన్నా. ఆరున్నొకటి అనల్ల అని దిద్దింది."

"ఎవురు దిద్దింది?"

నీలు తల అడ్డంగా ఊపింది. తెలియదట. కనపడలేదట. జీపులో నుంచి చెప్పిందట.

నేను రెండోసారి నంబరు పిలిచింది రోడ్డు దగ్గర. అక్కడికీ ఈ బండకూ ఆరేడు కిలోమీటర్లు, మధ్యలో ఒక గుట్ట. రెండోసారి పిలిచానని నేను ఆ పిల్లకు చెప్పలేదు. అక్కడ చెప్పేవాళ్ళు వేరే ఎవరూ లేరు. మేకల ముసలామె అవతలి ఒడ్డున ఎప్పుడో పోయింది.

పలమనేరులో జీపు ఆగీ ఆగకముందే పిల్లలు మొత్తం చెప్పేశారు. అక్క ఒక్క మాట అనలేదు. నీలును నా చేతిలో నుంచి తీసుకుని, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మా బావే, "పోనీలేప్పా, బిడ్డ బాగుండాది గదా" అన్నాడు. ఆ రాత్రి మేము అక్కడ భోంచేయకుండానే చిత్తూరు బస్సెక్కాం.

ఇంటికొచ్చాక అమ్మ మొత్తం విని, తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆరున్నొకటి అన్నావు గదా నాయనా. ఆరు నీతో వచ్చినాయి. ఆ ఒకటి ఎవురో ఏమో" అంది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ మీద జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచాను.

తర్వాత నేను ఊరికే కూర్చోలేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగాను. నీలు నంబరు మీరెవరైనా సరదాకు చెప్పారా, చెప్పినా ఏమీ అనను అన్నాను. చాక్లెట్లు ఇచ్చి అడిగాను, బెదిరించి అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు. ఆరుగురినీ తలుపు అవతల నిలబెట్టి ఆరున్నొకటి అనిపించి విన్నాను. లతతో ఇరవైసార్లు అనిపించాను, చివరికి అది ఏడ్చింది. వాటిలో ఏదీ ఆ గొంతు కాదు. మరుసటి నెల ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని ఆ వంకకు పోయాను. అతన్ని రోడ్డు దగ్గర నిలబెట్టి కేకలు వేయమన్నాను. బండ మీద కూర్చున్న నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తడిగా ఉండిందని లత చెప్పింది కదా, అది గుడారం చుట్ట అయి ఉండొచ్చు. అది నేనే ఒప్పుకుంటాను. అయిదేళ్ళ పిల్ల నోటికొచ్చింది చెప్పిందనుకుందాం, అదీ ఒప్పుకుంటాను. కానీ గుడారం నంబరు చెప్పదు కదా.

ఊళ్ళో ఈ కథ ఇంకోలా పాకింది. డ్రిల్లు సారు సొంత మేనకోడల్నే అడవిలో వదిలేసొచ్చినాడంట అని. స్టాఫ్‌రూములో నన్ను చూసి "సార్, లాభం" అని ఒకరు, "రెండు" అని ఒకరు మొదలుపెట్టేవారు. చెప్పుకుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పోనీ, వాళ్ళు బయటివాళ్ళు. సరళ కూడా రెండు మూడేళ్ళు గడిచేసరికి, "ఏమో, లతే రెండు నంబర్లూ చెప్పిందేమో. మనం అలిసిపోయి ఉంటిమి" అనడం మొదలుపెట్టింది. నా పక్క సీట్లో కూర్చుని, విని, నవ్విన మనిషి. ఆ మాటకు నేను రెండు రోజులు అన్నం తినలేదు.

అన్నిటికంటే నన్ను తిన్నది అక్క మౌనం. పండగలకు పోతే పలకరిస్తుంది, అన్నం పెడుతుంది. కానీ నీలును మా ఇంటికి ఒక్క రోజుకు కూడా పంపలేదు. వేసవి సెలవులు వస్తాయి, పోతాయి. జ్వరమొచ్చిందనో, ఊరికి పోతున్నామనో ఏదో ఒకటి. నేను పలమనేరు పోయినప్పుడల్లా ఏదో వంకన ఆ మాట ఎత్తేవాణ్ణి. లెక్కపెట్టానక్కా, రెండుసార్లు పెట్టానక్కా, సరళను అడుగు, హరిని అడుగు అని. అక్క విని లేచిపోయేది, గేదెకు కుడితి పెట్టాలనో, పాలు పొంగుతున్నాయనో.

పదేళ్ళు ఇలాగే నడిచింది. నీలు పదో తరగతి పాసయింది. చిత్తూరులో మా ఇంట్లో ఉండి ఇంటరు చదువుకుంటుందా అని అడగడానికి పోయాను. మధ్యాహ్నం వేళ. అక్క వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నీలు తిరుపతిలో హాస్టల్లో చేరుతుందని చెప్పింది. నేను ఇక ఆగలేకపోయాను. పదేళ్ళ కోపమంతా ఒక్కసారి కక్కేశాను. నేను లెక్కపెట్టలేదనే కదా నీకు, నా మాట మీద నీకు నమ్మకం లేదనే కదా అన్నాను.

అక్క చేతిలో కాయ చేతిలోనే ఉంచుకుని నా వైపు చూసింది.

"నువ్వు లెక్కపెట్టలేదని నేనెప్పుడన్నా అంటినా? పెట్టే ఉంటావు. నీ సంగతి నాకు తెలీదా? అది కాదురా. రెండు దినాలు నా బిడ్డ నీ కాడ ఉండింది. పొద్దస్తమానం ఏడు ఏడు అంటానే ఉండిందంట. ఆ పలికింది నా బిడ్డ గొంతు కాదని నీకు తెలీలేదే. దానికి శభాష్ అంటివంట గదా."

అక్క అడగని ప్రశ్నకు నేను పదేళ్ళుగా జవాబు చెప్పుకుంటూ తిరిగానని అప్పుడు తెలిసింది. గోడ అవతల ఎవరు దగ్గినా ఏ సెక్షన్ పిల్లాడో చెప్పగలనని స్కూల్లో గొప్పలు పోయేవాణ్ణి. అక్క పక్కన కూర్చుని, నాలుగు చిక్కుడుకాయలు వలిచి, లేచి వచ్చేశాను.

జీపులో పలికిన ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమని అనను, నేను అలాంటివి నమ్మను. కానీ అది సరిగ్గా చెప్పింది. తప్పు చెప్పాల్సిన పిల్ల సరిగ్గా చెబితే, అది మా నీలు కాదని నేను తెలుసుకోలేదు.